దున్నని మడి – దున్నేవాడికే భూమి

"దున్నేవాడికే భూమి" అన్న నినాదం మనకు కొత్తది కాదు. మూడు తరాలుగా వ్యవసాయ కార్మికుల నోట నానిన మాట అది. ఇప్పుడు దాని పక్కన మరో మాట వినబడుతోంది. అసలు దున్నొద్దంటున్నారు. నాగలి కట్టొద్దు, ట్రాక్టరు తోలొద్దు, పారతో తిరగవెయ్యొద్దు. మడి మీద చివికిన ఎరువు పరిచి, పైన గడ్డి కప్పి, అందులోనే నారు పెట్టమంటున్నారు. మందులు కొట్టకుండా పండించి, కూరగాయల్ని మార్కెట్ యార్డుకి తోలకుండా పక్క పట్నంలో ఇంటింటికీ నేరుగా చేర్చమంటున్నారు.

ఇది పేదవాడి కడుపు నింపే పనా, లేక నాలుగెకరాల ఫారంహౌసు వున్న పట్నపు పెద్దమనిషి ఆదివారం సరదానా? గ్రామాల్లో పనిచేసే కార్యకర్తలు ఈ ప్రశ్న అడగడం న్యాయమే. దీన్ని రెండు రకాలుగా తోసిపుచ్చొచ్చు. "అంతా బూటకం" అని ఒక్క మాటతో కొట్టిపారెయ్యొచ్చు. లేదా "ప్రకృతి తల్లి అన్నీ చూసుకుంటుంది" అని భజన చెయ్యొచ్చు. మేము ఈ రెండూ చెయ్యం. ఇందులో ఏది నిజం, ఆ నిజం వల్ల లాభం ఎవరికి పోతుంది, దాన్ని కూలివాడి దారిలోకి తిప్పుకోవాలంటే ఏం చెయ్యాలి అన్నదే ఇక్కడ చర్చించదలచాం.

ఇది మన డెల్టాకు తెలియని విద్య కాదు

కృష్ణా, గోదావరి డెల్టాల్లో కూలికి వెళ్లిన ఏ మనిషినైనా అడగండి. వరి కోతకు నాలుగు రోజుల ముందు, చేలో తడి ఆరకముందే, నిలువు పైరులోనే మినుములో పెసలో చల్లుతారు. కోత అయ్యేసరికి మొలక నేల పట్టుకుని వుంటుంది. నాగలి దిగదు, ఎరువు పడదు, నీరు పెట్టరు. చేలో మిగిలిన తేమతోనే పంట చేతికొస్తుంది. దున్నని సేద్యం అంటే ఇదే. దీన్ని మన తాతలు ఏ పుస్తకమూ చదివి నేర్చుకోలేదు.

జపాన్‌లో షికోకు దీవికి చెందిన మసనోబు ఫుకువోకా అనే ఆయన ఇదే పని వరితోనూ బార్లీతోనూ దశాబ్దాల పాటు చేశాడు. నిలిచి వున్న పంటలో తర్వాతి పంట విత్తనం చల్లడం, కోసిన గడ్డిని తిరిగి అదే చేలో పరచడం ఆయన పద్ధతి. 1975లో తన అనుభవాన్ని పుస్తకంగా రాశాడు. 1988లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. అంతకు చాలా ముందే 1943లో అమెరికాలో ఎడ్వర్డ్ ఫాక్నర్ అనే ఆయన, నేలను లోతుగా తిరగదున్నే నాగలి మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తోందని పుస్తకం రాసి పెద్ద వాదానికి తెర లేపాడు. ఇంకా వెనక్కి వెళితే, 1881లో డార్విన్ వానపాముల మీద ఒక పుస్తకమే రాశాడు. మనిషి నాగలి కనిపెట్టక ముందు నుంచీ నేలను దున్నుతున్నది వానపామే అని ఆయన తేల్చాడు.

కాబట్టి ఇది నిన్న మొన్న పట్నాల్లో పుట్టిన ఫ్యాషనేం కాదు. దీని వెనక అనుభవం వుంది, శాస్త్రం వుంది. ఆ శాస్త్రం ఏం చెబుతున్నదో ముందు చూద్దాం.

నేలలో జరిగేదేమిటి

నేలంటే వుత్త మట్టి కాదు. అందులో గాలి, నీరు, చివికిన ఆకూ అలమూ, కంటికి కనపడని సూక్ష్మజీవులు, దారాల్లాంటి బూజులు, వానపాములు వుంటాయి. వేళ్లూ బూజులూ కలిసి మట్టి రేణువుల్ని చిన్న చిన్న గుళికలుగా కట్టి పెడతాయి. ఆ గుళికల సందుల్లోనే నీరు నిలుస్తుంది, గాలి ఆడుతుంది. పదే పదే దున్నినప్పుడు ఆ కట్టుబడి చెదిరిపోతుంది. లోపలి సేంద్రియ పదార్థం గాలికి తగిలి త్వరగా కరిగిపోతుంది. దున్నిన వెంటనే పైరు పచ్చబడటం నిజమే. అది నేల తన నిలవను ఖర్చు పెట్టి చూపించే పచ్చదనం. ఏటేటా ఖర్చే గాని జమ లేకపోతే చివరికి నేల గుల్లదనం పోయి, వాన పడితే బురద, ఎండ కాస్తే బండ అవుతుంది.

రెండో సంగతి కలుపు. నేలలో ఏళ్ల తరబడి కలుపు గింజలు నిద్రపోతూ వుంటాయి. దున్నినప్పుడల్లా కొన్ని పైకొచ్చి, వెలుతురు తగిలి మొలుస్తాయి. కలుపు చంపడానికి దున్నామనుకుంటాం, కానీ మరో కాపు కలుపును విత్తినట్టే అవుతుంది. నేలను కదపకుండా పైన కప్పు వేస్తే ఆ గింజలకు వెలుతురు అందదు. కప్పు వున్న చోట ఎండకు ఆవిరయ్యే నీరు కూడా తగ్గుతుంది. బోరు లేని పేదవాడికి, బిందెలతో నీళ్లు మోసే ఆడమనిషికి ఇది చిన్న విషయం కాదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 ప్రాంతం నుంచి రైతు సాధికార సంస్థ ద్వారా నడుస్తున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కూడా ఈ సూత్రాల మీదే నిలబడింది. నేలను వీలైనంత తక్కువ కదిలించడం, ఏడాదంతా నేల మీద పచ్చని కప్పు వుంచడం, ఒకే పంట కాక పలు రకాలు కలిపి వేయడం అందులో ముఖ్యమైనవి. 20 సెంట్లలో ఎత్తు మడులు కట్టి పలు రకాల కూరగాయలు వేసే పద్ధతికి వాళ్లు ఏటీఎం అని పేరు పెట్టారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు చేతికి నాలుగు డబ్బులు వస్తాయని ఆ పేరు. ఈ కార్యక్రమానికి 2024లో పోర్చుగల్‌కి చెందిన గుల్బెంకియన్ బహుమతి, మరో ఇద్దరితో కలిపి, దక్కింది.

చేసే పని, ఎదురయ్యే చిక్కులు

పద్ధతి సులువే. మడి నాలుగడుగుల వెడల్పు, నడిచే దారి అడుగున్నర. రెండు వైపుల నుంచీ చెయ్యి అందాలి. మడి మీద కాలు పెట్టకూడదు. తొక్కితే నేల గట్టిపడుతుంది, మళ్లీ తవ్వవలసి వస్తుంది. వున్న గడ్డిని మొదలంటా కోసి అక్కడే పడేసి, దాని మీద తడిపిన అట్టపెట్టెలు సందు లేకుండా పరచాలి. పైన నాలుగంగుళాల మందాన బాగా చివికిన ఎరువు వెయ్యాలి. నారు అందులో పెట్టి, మొక్కల మధ్య వరిగడ్డో, చెరకు ఆకో, వేరుశనగ పొట్టో కప్పాలి. కాపు అయిపోయిన మొక్కను పీకకుండా మొదలు దగ్గర కోసెయ్యాలి. వేరు లోపలే చివికి వానపాములకు దారి అవుతుంది.

ఇక చిక్కులు. వీటిని దాచి చెప్పే వాడి మాట నమ్మొద్దు.

గరిక, తుంగ ఒక్క కప్పుకు చావవు. అట్టను చీల్చుకుని పైకొస్తాయి. వచ్చినప్పుడల్లా పీకుతూ రెండేళ్లు ఓపిక పట్టాలి. ఎర్ర నేలల్లో ఎండుగడ్డికి చెదలు పడుతుంది. వానాకాలంలో కప్పు కింద నత్తలు చేరి లేత నారు తినేస్తాయి, కాబట్టి నారు నిలదొక్కుకునేదాకా మొదళ్ల దగ్గర గడ్డి పల్చగా వుంచాలి. ట్రాక్టర్లు తొక్కి అడుగున పలకలా గట్టిపడిన నల్ల నేలలో నీరు దిగదు. అలాంటి చోట మొదటిసారి గునపంతో ఆ పలకను పగలగొట్టి, తర్వాత మానెయ్యాలి. "దున్నకూడదు" అన్నది శాసనం కాదు, గురి మాత్రమే. మరొకటి: చలి దేశాల పుస్తకాల్లో ఏడాదికొకసారి ఎరువు వేస్తే చాలంటారు. మన ఎండలకు అది చాలదు. మన దగ్గర ఎరువు త్వరగా కరిగిపోతుంది. కాపు కాపుకీ మళ్లీ కాస్త వెయ్యవలసిందే.

కంపెనీలకూ దున్నని సేద్యం తెలుసు

ఇక్కడ కార్యకర్తలు జాగ్రత్తగా గమనించవలసిన విషయం వుంది. దున్నకపోవడం అనగానే అది ప్రకృతి సేద్యం అయిపోదు. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో వరి కోసిన చేలలో దున్నకుండా మొక్కజొన్న వేసే పద్ధతి రెండు దశాబ్దాలుగా బాగా పాకింది. అక్కడ నాగలి చేసే పనిని కలుపు మందు చేస్తోంది. కోత కాగానే మందు కొట్టి మోళ్లనూ కలుపునూ మాడ్చేస్తారు, రంధ్రాలు వేసి గింజ పెడతారు. దుక్కి ఖర్చు తగ్గింది, నిజమే. కాని కలుపు తీతకు పోయే ఆడకూలీల పని దినాలు కూడా ఊడిపోయాయి. దుక్కి కూలీ, కలుపు కూలీ కలిసి మందుల కంపెనీ ఖాతాలోకి వెళ్లాయి. మందు పిచికారీ చేసేవాడికి దక్కింది మాత్రం మంట, దగ్గు.

గ్లైఫోసేట్ అనే కలుపు మందు మనుషులకు కేన్సరు కలిగించే అవకాశం వున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన విభాగం 2015లో ప్రకటించింది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం దాని వాడకాన్ని లైసెన్సు వున్న తెగుళ్ల నివారణ పనివాళ్లకు పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. ఉత్తర్వు ఢిల్లీలో వుంటుంది, డబ్బా ఊరి కొట్లో వుంటుంది. మధ్యలో వీపున పంపు కట్టుకున్న కూలివాడు వుంటాడు.

అందుచేత ప్రశ్న "దున్నాలా, మానాలా" అన్నది కాదు. దున్నడం మానితే మిగిలే శ్రమ, మిగిలే డబ్బు ఎవరి చేతికి పోతాయన్నదే అసలు ప్రశ్న. ఆసామి పొలంలో దుక్కీ కలుపూ మానితే కూలివాడి పొయ్యి ఆరిపోతుంది. అదే కూలి కుటుంబం తన మడిలో దుక్కీ కలుపూ తగ్గించుకుంటే ఆ పొద్దు తన పిల్లలకు మిగులుతుంది. ఒకే పద్ధతి, ఒకే నేల. ఒకరికి నష్టం, మరొకరికి లాభం. తేడా వచ్చేది పద్ధతిలో కాదు, ఆస్తి సంబంధాల్లో.

పెంట ఎవరిది? నేల ఎవరిది?

ఇప్పుడు లెక్కకు వద్దాం. సెంటు అంటే 40 చదరపు మీటర్లు. దారులు పోను మడులకు మిగిలేది సుమారు 29 చదరపు మీటర్లు. దాని మీద నాలుగంగుళాల మందాన ఎరువు పరచాలంటే దాదాపు మూడు ఘనపు మీటర్లు కావాలి. అంటే సెంటుకు ఇంచుమించు ఒక ట్రాక్టరు ట్రక్కు. 20 సెంట్లకు 20 ట్రక్కులు. గొడ్డూ గోదా లేని కూలి కుటుంబం 20 ట్రక్కుల పెంట ఎక్కడి నుంచి తెస్తుంది?

పుస్తకాల్లో ఈ ప్రశ్న కనపడదు. ఊళ్లో మాత్రం ఇదే మొదటి ప్రశ్న. పశువుల పెంట ఆసామి దొడ్లో వుంటుంది. దాన్ని ఎత్తేది, తట్టలతో మోసేది, కుప్ప వేసేది కూలి మనిషి. గడ్డి ఆసామి చేలో వుంటుంది. దాన్ని కోసేది, మోపు కట్టేది కూలి మనిషి. నాగలి అక్కర్లేని సేద్యంలో నాగలి స్థానాన్ని ఆక్రమించేది ఎరువు. అదే ఇక్కడ ఉత్పత్తి సాధనం. దాని మీద హక్కు లేనివాడికి ఈ పద్ధతి అందని పండే.

అయితే దారి లేకపోలేదు. రైతు బజార్ల దగ్గర, కూరగాయల మార్కెట్ల దగ్గర రోజూ కుప్పలు కుప్పలుగా ఆకులూ తొక్కలూ కుళ్లిపోతున్నాయి. చేలల్లో వరిగడ్డికి నిప్పు పెడుతున్నారు. చెరువుల్లో గుర్రపుడెక్క పేరుకుపోయింది. ఇవన్నీ ఎరువే. వీటిని పోగుచేసి చివికించే కుప్పలు గ్రామీణ ఉపాధి పనుల్లో చేయించి, ఆ ఎరువుపై మొదటి హక్కు భూమి లేని కుటుంబాలకు ఇవ్వాలని పంచాయతీల మీద ఒత్తిడి తేవచ్చు. ఎరువు తక్కువున్న చోట ఒక్కసారే 20 సెంట్లకు పోకుండా రెండు సెంట్లతో మొదలుపెట్టి, ఏటా పెంచుకుంటూ పోవచ్చు. జనుము, పిల్లిపెసర లాంటివి చల్లి, పూతకు రాగానే కోసి అక్కడే పరిచినా మోసే ఎరువు కొంత తగ్గుతుంది.

ఇంతకంటే పెద్ద ప్రశ్న నేల. దున్నని మడి మొదటి ఏడు తింటుందే గాని పెట్టదు. ఎరువు మొయ్యడం, కప్పడం, తుంగతో పోరాడటంతో సరిపోతుంది. రెండో ఏడు కలుపు తగ్గుతుంది. మూడో ఏడు నేల గుల్లబారి, నీరు తక్కువ అడిగి, కాపు నిలకడగా ఇస్తుంది. అంటే కనీసం మూడేళ్లు ఆ నేల అదే చేతుల్లో వుండాలి. మరి మన కౌలుదారుడి చేతిలో వుండేది ఎన్నాళ్లు?

దేశంలో కౌలు కమతాల వాటా అత్యధికంగా వున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశే. ఆ వాటా 40 శాతం పైచిలుకని 2018-19 జాతీయ నమూనా సర్వే చెప్పింది. 2011లో అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. దాని కార్డు ఏడాది వరకే. 2019లో దాని స్థానంలో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. అందులో ఒప్పందం 11 నెలలకే. అదీ ఆసామి సంతకం పెడితేనే. సంతకం పెడితే భూమి పోతుందని ఆసామికి భయం, అడిగితే కౌలు పోతుందని కౌలుదారుకి భయం. తెలంగాణలో 2018లో మొదలుపెట్టిన రైతుబంధులో కౌలుదారుకి చోటే లేకపోయింది. 11 నెలల వాడు మూడేళ్ల మడిని ఎలా కడతాడు?

ఒకవేళ కట్టినా ఏమవుతుంది? మూడేళ్లు వాడూ వాడి పెళ్లామూ తట్టలతో ఎరువు మోసి, బండలాంటి నేలను వెన్నలాంటి నేలగా మారుస్తారు. నాలుగో ఏడు ఆసామి వచ్చి "నేల బాగుపడింది, కౌలు పెంచుతున్నా" అంటాడు. లేదా వేరే వాడికి ఇస్తాడు. మార్క్స్ 'పెట్టుబడి' మూడో సంపుటంలో కౌలు గురించి రాస్తూ సరిగ్గా ఈ విషయాన్నే పట్టి చూపించాడు. కౌలుదారుడు నేలలో పెట్టిన మెరుగుదలలన్నీ గడువు తీరగానే భూస్వామి పరమవుతాయని, అందుకే భూస్వాములు గడువును కురచ చేయాలని చూస్తారని, ఆ కురచ గడువే సేద్యం బాగుపడకుండా అడ్డుపడుతుందని విశదం చేశాడు. ఆ సంపుటాన్ని ఎంగెల్స్ అచ్చు వేయించింది 1894లో. నూట ముప్పై ఏళ్లు దాటినా అది మన ఊరి సంగతే చెబుతున్నట్టు వుంది.

కాబట్టి నేలను బాగుచేయమని కౌలుదారుకి ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లు ముందు నేల మీద అతని గడువు సంగతి మాట్లాడాలి. అది మాట్లాడని ప్రకృతి ప్రేమ ఆసామి ఆస్తి విలువ పెంచే కూలిగా మాత్రమే మిగులుతుంది.

గడప దాకా

ఇక అమ్మకం. 2024 అక్టోబరులో వెలువడిన రిజర్వు బ్యాంకు అధ్యయన పత్రం ఒకటి తేల్చిన మాట వినండి. టమాటాకి వినియోగదారుడు పెట్టే రూపాయిలో రైతుకి దక్కేది సుమారు 33 పైసలు, ఉల్లికి 36 పైసలు, బంగాళాదుంపకి 37 పైసలు. మిగతాది దారిలోనే కరిగిపోతోంది. మదనపల్లె, పత్తికొండ మార్కెట్లలో టమాటాకి తోలిన కిరాయి కూడా రాక రైతులు రోడ్డు మీద పారబోసిన రోజులున్నాయి. అవే టమాటాలు 2023 జులైలో పట్నాల్లో కిలో 150 రూపాయలు దాటాయి. పారబోసినప్పుడు నష్టం రైతుది. ధర పెరిగినప్పుడు లాభంలో సింహభాగం నడుమ వున్నవాళ్లది.

1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతు బజార్లు ఈ మధ్యవర్తుల్ని తప్పించడానికి వచ్చినవే. అవి కొంత మేలు చేశాయి, కాదనలేం. కాని అక్కడ కూర్చోవాలంటే గుర్తింపు కార్డు కావాలి, కార్డుకి భూమి కాగితం కావాలి. కాగితం లేని కౌలుదారు, ఐదు సెంట్లలో ఆకుకూర వేసే కూలి మనిషి గేటు బయట గోనెపట్టా పరుచుకుని కూర్చుంటున్నారు.

అందుకే ఇంటింటికీ నేరుగా చేర్చే ఆలోచన మనకు పనికొస్తుంది. ఇదీ కొత్తది కాదు. తెల్లవారుజామున గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగి ఆకుకూరలు అమ్మే అమ్మలు మన పట్నాలకు ఎప్పటినుంచో ఈ సేవ చేస్తున్నారు. జపాన్‌లో 1970ల్లో మందుల విషానికి భయపడిన గృహిణులు గుంపులుగా కూడి నేరుగా రైతులతో ఒప్పందాలు చేసుకున్నారు. దానిని 'తేయికేయి' అంటారు. రైతు ఏది పండిస్తే అది తీసుకుంటాం, ధర ముందే ఇద్దరం కూర్చుని మాట్లాడుకుంటాం అన్నది దాని సారాంశం. 1978లో దానికి పది సూత్రాలు రాసుకున్నారు. అక్కడ వినియోగదారుడు రైతుతో బేరగాడుగా కాక భాగస్వామిగా నిలబడ్డాడు.

క్యూబా అనుభవం మరోరకం. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక క్యూబాకు చమురు, ఎరువులు, పురుగు మందులు ఒక్కసారిగా పడిపోయాయి. పైగా అమెరికా దిగ్బంధం. ప్రజలు అర్ధాకలితో గడిపారు. అప్పుడు హవానా నగరంలో ఖాళీ స్థలాల్లో ఎత్తు మడులు కట్టి, చివికిన ఎరువు నింపి కూరగాయలు పండించారు. 1993లో పెద్ద ప్రభుత్వ క్షేత్రాలను విడగొట్టి పనిచేసేవాళ్ల సహకార సంఘాలకు అప్పగించారు. 1997లో మొదలైన అలమార్ సహకార క్షేత్రం లాంటి చోట్ల పండిన కూర మడి పక్కనే వున్న కొట్లో చుట్టుపక్కల వాళ్లకు అమ్మారు. క్యూబా ఆహార సమస్య దీంతో తీరిపోయిందని మేము అనం. ఇవాళ్టికీ ఆ దేశం తన తిండిలో పెద్ద భాగం దిగుమతి చేసుకుంటూనే వుంది. కాని ప్రభుత్వం భూమిని పనిచేసే చేతులకు అప్పగిస్తే ఖాళీ స్థలం ఎంత త్వరగా పచ్చబడుతుందో అది చూపించింది.

మరి మన పట్నాల్లో ఇప్పుడు జరుగుతున్నదేమిటి? పది నిమిషాల్లో కూరగాయలు తెచ్చిపెడతామని పెద్ద పెట్టుబడులు దిగాయి. ఫోన్లో నొక్కితే చాలు, వంకాయ గుమ్మంలో వుంటుంది. ఇక్కడ దళారీ మాయమవలేదు. ధోతీ మార్చి సూటు వేసుకున్నాడు. వంకాయ పండించినవాడికి ధర మీద మాట లేదు. దాన్ని బండి మీద మోసుకొచ్చే కుర్రవాడికి జీతం లేదు, సెలవు లేదు, ప్రమాదం జరిగితే దిక్కులేదు. ఇలాంటి పనివాళ్ల సంక్షేమానికి ప్రత్యేక చట్టం తేవడానికి దేశంలో మొదటి రాష్ట్రంగా రాజస్థాన్ ముందుకొచ్చింది, అదీ 2023లో. ఆ కుర్రాళ్లలో చాలామంది మన పల్లెల నుంచి పని లేక వెళ్లిన కూలి బిడ్డలే. గడప దగ్గరకి వచ్చే సరుకులో రెండు వైపులా మన శ్రమే వుంది. లాభం మాత్రం ఎక్కడో వుంది.

మరో మాట కూడా దాచకుండా చెప్పుకోవాలి. దళితవాడ ఆడవాళ్లు పండించిన కూరకి మైల లేదు. కాని ఆ కూర తెచ్చిన మనిషిని గడప బయటే నిలబెట్టి, డబ్బులు పైనుంచి చేతిలో జారవిడిచే ఇళ్లు ఇంకా వున్నాయి. ఊరూ పేరూ అడిగి కులం ఆరా తీసి మర్నాటి నుంచి "మాకొద్దు" అనే ఇళ్లూ వున్నాయి. గడప దాకా కూరగాయలు చేర్చడమంటే ఈ గడపల్నీ దాటవలసి వుంటుంది. దీన్ని ఒంటరి మనిషి మీద వదలకూడదు. సంఘం ఆమె వెనక నిలబడాలి.

ఒక లెక్క

ఆశలు గాలిలో కట్టకుండా ఒక లెక్క వేసి చూద్దాం. పదిమంది ఆడవాళ్లు కలిసి ఎకరం నేల పట్టారనుకుందాం. పది కిలోమీటర్ల లోపు పట్నంలో 60 ఇళ్లు కుదిరాయి. వారానికొకసారి ఇంటికి 200 రూపాయల సంచి. అందులో వంగ, బెండ, బీర, గోంగూర, తోటకూర, పచ్చిమిర్చి కలిపి నాలుగైదు కిలోలు. వారానికి 12,000 రూపాయలు. ఏడాదిలో 40 వారాలు నడిచిందంటే 4,80,000. కౌలు, విత్తనం, ఎరువు తోలకం, ఆటో కిరాయి, పాడైపోయిన సరుకు కలిపి 1,80,000 పోయిందనుకుందాం. మిగిలింది మూడు లక్షలు. తలకి 30,000. ఒక్కొక్కరు ఏడాదిలో 100 రోజులు పనిచేస్తే రోజుకి 300 రూపాయలు.

ఈ అంకెలు చూసి కొందరు పెదవి విరుస్తారు. "ఇంతేనా? ఇది కూలి డబ్బులే కదా?" నిజమే, ఇది కూలి డబ్బులే. దీంతో ఎవరూ షావుకార్లు కారు. అందుకే "ఎకరంలో లక్షలు" అని వీడియోల్లో ఊదరగొట్టేవాళ్ల మాటలు వినొద్దంటున్నాం. కాని ఇందులో మూడు లాభాలున్నాయి. పని లేని నెలల్లో పని దొరుకుతుంది. ఇంట్లో పిల్లలకు మందు కొట్టని కూర దక్కుతుంది. ఇక మూడోది అన్నిటికన్నా పెద్దది: ఆసామి గుమ్మంలో నిలబడి "రేపు పనుందా అయ్యా?" అని అడిగే అవసరం వంద రోజులు తప్పుతుంది. వంద రోజుల తిండి చేతిలో వున్న కూలి మనిషి మిగతా రోజులకు కూలి రేటు అడిగేటప్పుడు గొంతు పెంచి అడగగలదు. కూరగాయల మడి కూలి పోరాటానికి బదులు కాదు, దానికి ఊతం.

కేరళలో 1998లో మొదలైన కుటుంబశ్రీ ఈ దారిలో చాలా దూరం వెళ్లింది. భూమి లేని ఆడవాళ్లు చిన్న చిన్న గుంపులుగా కౌలుకి నేల పట్టి, ఉమ్మడి పూచీ మీద బ్యాంకు అప్పు తెచ్చి సాగు చేస్తున్నారు. అలాంటి గుంపులు పదుల వేలల్లో వున్నాయి. పంచాయతీలు వెనక నిలబడబట్టే అది సాధ్యపడింది. మన దగ్గర పొదుపు సంఘాలకు లోటు లేదు. లోటు వున్నది నేలకే.

ప్రభుత్వాలకు ఒక హెచ్చరిక, మనకు కొన్ని పనులు

2021లో శ్రీలంక ప్రభుత్వం రాత్రికి రాత్రి రసాయన ఎరువుల దిగుమతి ఆపేసి దేశమంతా సేంద్రియం అన్నది. చివికిన ఎరువు సిద్ధంగా లేదు, రైతుకి శిక్షణ లేదు, నష్టపరిహారం లేదు. వరి దిగుబడి పడిపోయింది, రైతులు రోడ్డెక్కారు. అదే ఏడాది నవంబరు నాటికి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. దీన్ని చూపించి సేంద్రియమే తప్పని మందుల కంపెనీలు ప్రచారం చేశాయి. తప్పు సేంద్రియంలో లేదు. డబ్బు ఆదా చేసుకోవడానికి రైతు నెత్తిన ప్రయోగం రుద్దడంలో వుంది. మన పాలకులు కూడా "ప్రకృతి సేద్యం" పేరు చెప్పి ఎరువుల సబ్సిడీకి కోత పెట్టాలని చూస్తే అడ్డుకోవలసిందే. మారే రైతుకి మారే కాలంలో సాయం కావాలి, శిక్ష కాదు.

మేము కోరేది ఇవీ.

కూరగాయలు వేసే కూలి, కౌలు గుంపులకు కనీసం ఐదేళ్ల కౌలు హామీ వుండాలి. గడువు ముగిసి నేల వదిలితే, నేలకు చేసిన బాగుకి లెక్కకట్టి పరిహారం ఇప్పించే నిబంధన చట్టంలో చేరాలి. ఊళ్లో ఖాళీగా పడివున్న ప్రభుత్వ స్థలాలూ దేవాదాయ భూములూ వేలంపాటల్లో పెద్దల పరం కాకుండా భూమి లేని ఆడవాళ్ల గుంపులకు ముందు దక్కాలి. రైతు బజార్లో చోటుకి పట్టా పుస్తకం అడగడం మాని, "ఈమె పండిస్తోంది" అన్న గ్రామసభ మాటను చాలు అనాలి. మందులు లేని పంట అని రుజువు చేసుకోవడానికి వేల రూపాయల ధ్రువీకరణ పత్రాలు పేదవాళ్ల నెత్తిన రుద్దకూడదు. 2011 నుంచి దేశంలో వున్న భాగస్వామ్య హామీ పద్ధతిలో, అంటే రైతులే గుంపుగా ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకునే పద్ధతిలో, ఈ గుంపులను ఖర్చు లేకుండా చేర్చాలి.

ఇవి ప్రభుత్వాన్ని అడిగేవి. అడిగినంత మాత్రాన రావు, ఆ సంగతి మన కార్యకర్తలకు చెప్పనక్కర్లేదు. కాబట్టి మనం చేయగలిగినవీ వున్నాయి. ఊరికి ఒక గుంపు, రెండు సెంట్ల మడి, ఒక ఎరువు కుప్ప – దీనికి ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు. పట్నంలో ఉపాధ్యాయ సంఘాలు, బ్యాంకు ఉద్యోగుల సంఘాలు, బీమా ఉద్యోగుల సంఘాలు వున్నాయి. సమ్మెలప్పుడు కలిసి నడిచే వాళ్లమే. వారానికొక సంచి కూరగాయలు మన పల్లె గుంపు దగ్గర కొంటామని ఆ సంఘాల సభ్యులు మాట ఇవ్వాలి. ధర మార్కెట్లో పడినప్పుడు తగ్గించమని అడక్కుండా, పెరిగినప్పుడు పెంచమని అడక్కుండా, కాపు మొదట్లోనే ఇద్దరూ కూర్చుని ఖాయం చేసుకోవాలి. కార్మిక కర్షక ఐక్యత అని వేదికల మీద చెప్పే మాటకి వంటింట్లో రుజువు ఇదే అవుతుంది.

"దున్నేవాడికే భూమి" అన్నప్పుడు మనం నాగలిని మాత్రమే వుద్దేశించలేదు. నేల మీద వొళ్లు వంచేవాడిదే నేల అన్నాం. నాగలి పట్టినవాడికి ఎంత హక్కుందో, తట్టతో ఎరువు మోసి, గడ్డి కప్పి, నేలకు మళ్లీ ప్రాణం పోసే ఆడకూలీకీ అంతే హక్కుంది. దున్నని మడి ఆ నినాదాన్ని పాతబడనివ్వలేదు, దాని అర్థాన్ని విశాలం చేసింది. ఆ మడి ఆమె పేరిట నిలిచేదాకా మన పని పూర్తయినట్టు కాదు.